గోడ అవతలి స్తంభం

మా బాపు కుడిచేతికి మూడు వేళ్లు లేవు. మిగిలిన బొటనవేలు, చిటికెన వేలుతోనే ఫోను ఎత్తుతాడు, బర్రెకు తాడు కడతాడు, నేను పొద్దున డ్యూటీకి బయలుదేరేటప్పుడు నా హెల్మెట్ పట్టీ లాగి చూస్తాడు. పట్టీ సరిగ్గానే ఉంటుంది. అయినా లాగనిదే ఆయనకు తృప్తి ఉండదు. ముప్ఫై ఏళ్లకు దగ్గర పడ్డదాన్ని, ఉద్యోగం చేసుకునేదాన్ని, వాకిట్లో చిన్నపిల్లలా గడ్డం పైకెత్తి నిలబడతాను. లోపల కోపం వస్తుంది. వద్దని మాత్రం ఏ రోజూ అనలేదు.

నేను లైన్‌మెన్‌ని. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు పోతే స్తంభం ఎక్కి బాగుచేసే పని నాది. మా సెక్షన్‌లో ఈ పనికి వచ్చిన మొదటి ఆడమనిషిని నేనే. చేరిన రోజు ఆఫీసులో శాలువా కప్పారు, ఫొటో తీసి గోడకు పెట్టారు. చేతి తొడుగులు మాత్రం మగవాళ్ల కొలతవి ఇచ్చారు. వాటిలో నా చెయ్యి గోనెసంచిలో గరిటెలా ఆడేది. సొంతంగా కొనుక్కుని తెచ్చుకునేదాకా వాటితోనే నెట్టుకొచ్చాను. ఆ ఫొటో ఇప్పటికీ గోడ మీదే ఉంది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం తర్వాత దాని కింద కూర్చోవడం నాకు కష్టమైంది. ఆ మధ్యాహ్నం సంగతే చెప్పబోతున్నాను.

ముందు ఎల్‌సీ అంటే ఏమిటో చెప్పాలి. లైన్ మీద పని చేయాలంటే మేము సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తాం. అక్కడి ఆపరేటర్ ఆ లైన్‌కు కరెంటు బందు పెట్టి ఒక నంబరు చెబుతాడు. దాన్నే ఎల్‌సీ తీసుకోవడం అంటాం. తీసుకున్న మనిషే పని ముగించి, అందరూ కిందికి దిగారని కళ్లారా చూసుకుని, అదే నంబరు చెప్పి వాపసు చేయాలి. అప్పటిదాకా ఆపరేటర్ స్విచ్ జోలికి పోడు. మొత్తం వ్యవహారం ఒక్క మనిషి నోటిమాట మీద నడుస్తుంది.

దీనికి మా వైపు ఒక అలవాటు తోడైంది. ఫలానా లైన్ మీద ఎల్‌సీ ఉందని తెలిస్తే చాలు, నల్లా వచ్చిందన్నంత సంబరంగా ఆ కబురు పొలాల వెంట పోతుంది. ఊడిన తీగ కట్టుకునేవాళ్లు, ఫ్యూజు వేసుకునేవాళ్లు ఎవరి స్తంభం వాళ్లు ఎక్కేస్తారు. లైన్‌మెన్‌కు చెబితే చెప్పారు, లేకపోతే లేదు. లైన్‌మెన్లు కూడా ఒక్కొక్కరు అయిదారు ఊళ్లు చూడాల్సి వచ్చేది. ఊళ్లో చురుకైన మనిషి ఎవరైనా ఉంటే వాణ్ని పైకెక్కించి తాము కింద నిలబడేవాళ్లు. మా ఊళ్లో ఆ చురుకైన మనిషి మా బాపు.

ఆయనకు జీతం లేదు, కాగితం లేదు. కరెంటు పోతే మాత్రం ఊరంతా మా ఇంటికే వచ్చేది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు మా ఊరి లైన్‌మెన్ ఎల్‌సీ తీసుకుని తాను ఒక స్తంభం దగ్గర పనిలో ఉండి, బాపును మూడో స్తంభం మీదికి పంపాడు. తన పని అయిపోయింది. బాపు ఇంకా పైనే ఉన్న సంగతి మరిచిపోయి ఎల్‌సీ వాపసు చేశాడు. ఆ లైన్‌మెన్‌ని నేను మామా అని పిలిచేదాన్ని. మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్న మనిషి.

బాపు బతికాడు, వేళ్లు పోయాయి. విచారణలో మామ ఇలా రాసిచ్చాడు: సదరు వ్యక్తి నాకు తెలియకుండా స్తంభం ఎక్కాడు. పట్నం దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక బాపుకు ఆ వాక్యం సంగతి తెలిసింది. చేతి గురించి ఆయన ఏడవగా నేను చూడలేదు. ఆ వాక్యం గురించి మాత్రం నెలల తరబడి, పశువులకు గడ్డి వేస్తూ కూడా తనలో తాను మాట్లాడుకునేవాడు.

"తెల్వకుంట ఎక్కిన్నంట. నేనేమన్న తీగలు ఎత్కపోయేటోన్నా?" అనేవాడు. "యాది మరిచిన అంటే అయిపోయేది గద. ఒక్క మాట."

మామ ఆ తర్వాత మా గల్లీలో అడుగుపెట్టలేదు. ఆ మాట అనకుండానే రిటైరయ్యాడు, అనకుండానే పోయాడు.

ఇంత జరిగిన ఇంట్లో పెరిగి నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ తీసుకుంటానంటే అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. బాపు మాత్రం ఒక్కటే అడిగాడు, క్లాసులో ఆడపిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని. లేరన్నాను. అయితే బెంచీ మీద జాగా బాగా దొరుకుతుందన్నాడు. చదువు అయ్యాక లైన్‌మెన్ ఉద్యోగాలు పడేవి గానీ ఆడవాళ్లు పనికిరారని ముందే రాసి ఉండేది. మాకంటే ముందు కొందరు ఆడపిల్లలు కోర్టు దాకా పోయి కొట్లాడితే ఆ తలుపు తెరుచుకుంది. వాళ్లను నేనెప్పుడూ కలవలేదు. దరఖాస్తులో స్త్రీ అన్న గడిలో టిక్కు పెట్టేటప్పుడు మాత్రం వాళ్లే గుర్తొచ్చి చెయ్యి ఆగింది. నేను ఓడిపోతే వాళ్ల కష్టం కూడా దండగ అవుతుందేమోనని భయం వేసింది. ఆ భయం అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

స్తంభం ఎక్కే పరీక్షకు నాకు గురువు మా బాపే. మా పొలం గట్టున తీగలు తీసేసిన పాత స్తంభం ఒకటి ఉండేది. రోజూ పొద్దున దాని కింద నిలబడి, చేతికర్రతో స్తంభాన్ని కొడుతూ అరిచేవాడు.

"కిందికేం సూస్తున్నవ్? కింద నేనున్న, నన్ను ఇంట్ల సూడు. పైకి సూడు!"

పరీక్ష రోజు మైదానంలో నన్ను చూడడానికి మిగతా అభ్యర్థులంతా గుమిగూడారు. కొందరు ఫోన్లు తీసి పట్టుకున్నారు, పడితే వీడియో దొరుకుతుందని. నేను పడలేదు. ఎక్కి, పైన చెప్పిన పని చేసి, దిగి, చేతులు దులుపుకుని వాళ్ల మధ్య నుంచే నడిచిపోయాను. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఉద్యోగంలో చేరిన నాడే రెండు నియమాలు పెట్టుకున్నాను. నా ఎల్‌సీ మీద బయటి మనిషి ఎవరూ స్తంభం ఎక్కకూడదు. రెండోది, పని చేసే చోటికి అటూ ఇటూ రెండు పక్కలా ఎర్త్ రాడ్లు తగిలించనిదే నేను తీగ ముట్టను. ఎర్త్ రాడ్ అంటే పొడవాటి కర్ర, దాని చివర కొక్కెం, దానికి తీగ, ఆ తీగ భూమిలోకి దిగేసి ఉంటుంది. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిలోకి పోకుండా భూమిలోకి పోతుంది, ఆ మరుక్షణం సబ్‌స్టేషన్‌లో లైన్ దానంతట అదే పడిపోతుంది, అంటే కరెంటు ఆగిపోతుంది. నాతో పనిచేసే సీనియర్లు నవ్వేవాళ్లు. రెండు రాడ్లు మోసుకుని తిరిగేది నేనొక్కదాన్నే. ఆడోళ్ల భయం అనేవాళ్లు. భయమే, ఏం చేయమంటారు, మా ఇంట్లో ఆ భయం రోజూ అన్నం కలుపుకుని తింటుంది అని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆ తర్వాత నా ముందు నవ్వడం మానేశారు.

ఇక ఆ ఏప్రిల్ మధ్యాహ్నం. అంతకు రెండు రోజుల ముందు గాలిదుమారం వచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి మంచాల పోయే వైపు తీగలు తెగాయి, స్తంభాలు ఒరిగాయి. రెండు రోజులుగా మేమంతా తలా ఒక వైపు తిరుగుతున్నాం. నా వంతుకు వచ్చిన పొలాల లైన్ ఒక కొత్త వెంచర్ పక్కగా పోతుంది. నిన్నమొన్నటిదాకా జొన్న చేనున్న జాగాలో ప్లాట్ల రాళ్లు పాతి, చుట్టూ తలకంటే ఎత్తుగా సిమెంటు పలకల గోడ కట్టారు. లైన్ ఆ గోడ మీదుగా అవతలికి పోతుంది. నేను బాగుచేయాల్సిన స్తంభం గోడకు ఇవతల. అవతల రెండో స్తంభం దగ్గర ఒక టమాట రైతు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని తీగ కూడా ఊడింది.

ఆ రైతు మా బాపు ఈడువాడు, చిన్ననాటి దోస్తు. నేను కాకా అని పిలుస్తాను. ఎల్‌సీ తీసుకుని, ముందు ఆ అవతలి స్తంభానికి ఒక రాడ్ తగిలించి దిగేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

"బిడ్డా, నువ్వు అక్కడ చేసి మల్ల ఇక్కడికొచ్చేవరకు పొద్దుగూకుతది. రెండు దినాలాయె నీళ్లు లేక. చెట్లు తలలు వాల్చినయ్. నేనెక్కి కట్టుకుంట తియ్యి."

"వద్దు కాకా. నా ఎల్‌సీ మీద ఎవ్వర్ని ఎక్కనియ్య. నీకెరికే గద."

"నీకు నడక రాకముందు నుంచి నేను పోల్ ఎక్కుతున్న. మీ బాపు, నేను కలిసే నేర్చుకున్నం. ఒక్క జంపరు తీగ కట్టుడు, ఎంత సేపు?"

టమాట మడులు చూశాను. ఆకులు ముడుచుకుని, కాయలు ఎండకు తెల్లగా పాలిపోతున్నాయి. ఎండ నెత్తి మీద ఉంది. నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు. రెండు రోజుల అలసటలో ఆ ఒక్కసారికి ఏం కాదులే అనిపించింది. నా నియమాన్ని నేనే తీసి పక్కన పెట్టాను.

"సరే. నడుముకు తాడు కట్టుకో. దిగంగనే నాకు ఫోన్ చెయ్యి."

"ఫోన్ల చార్జింగ్ ఎక్కడిది బిడ్డా, రెండు దినాల నుంచి కరెంటే లేకపాయె. కూతేస్త తియ్యి."

అలాగే అన్నాను. గోడ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాను. రెండో రాడ్ తగిలించి నా స్తంభం ఎక్కాను.

పని అనుకున్నదానికంటే మొండికేసింది. పగిలిన పింగాణీ ఇన్సులేటర్ తీసి కొత్తది బిగించడానికి గంట పైనే పట్టింది. ఈలోగా కింద జనం చేరారు. మొదట నలుగురు, తర్వాత ఇరవై మంది దాకా. బర్రెలకు నీళ్లు లేవని ఒకరు, తాగడానికే లేవని ఒకరు. పైన చెమట కళ్లలోకి కారుతోంది. జేబులో ఫోన్ మోగుతోంది. ఒక చేత్తో తీస్తే సబ్‌స్టేషన్ ఆపరేటర్.

"మేడం, ఇంకెంత సేపు? నాకు ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్."

"అయిపోతుంది" అన్నాను. పది నిమిషాలకు మళ్లీ చేశాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి ఫోన్ మోగినప్పుడు కింద నుంచి ఒకాయన గొంతు బాగా వినబడేలా అన్నాడు.

"మగోడైతే ఈ పాటికి కరెంటిచ్చి ఇంటికి పోయేటోడు."

కొందరు నవ్వారు. ఆ నవ్వు నా వీపు మీద చరిచినట్టు తగిలింది. ఇది నా గుణం, దాచుకోను: ఎవరైనా అలా అంటే నాకు ఒళ్లు మండుతుంది, ఒళ్లు మండితే చేతులు వేగంగా కదులుతాయి, బుర్ర కదలదు. ఆఖరి బోల్టు బిగించి, దిగి, దగ్గరి రాడ్ తీసేశాను. ఆ మాట అన్న మనిషి వైపు చూస్తూ, ఆయనకే వినబడాలని గొంతు పెంచి, ఫోన్‌లో నంబరు చెప్పాను. వాపసు ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంటుంది. అదీ చెప్పాను.

"లైన్ మీద మనుషులు ఎవ్వరు లేరు. కరెంటియ్యి."

గోడ అవతల పెద్ద చప్పుడైంది. బాంబు పేలినట్టు ఒక్కసారి, అంతే. ఆ వెంటనే ఆపరేటర్ ఫోన్‌లో, లైన్ పడిపోయింది మేడం, ఏమైంది అంటున్నాడు. గోడకు అవతల అంటూ ఒకటుందని గుర్తొచ్చింది. స్తంభం గుర్తొచ్చింది. ఆ తర్వాత మనిషి గుర్తొచ్చాడు.

వెంచర్ గేటు చాలా దూరం. గోడ ఎలా ఎక్కానో నాకు తెలియదు, మోచేతులు రెండూ చీరుకుపోయాయని తర్వాత చూసుకున్నాను. అవతలికి దూకి పరిగెత్తాను. ఆ కొంచెం దూరంలో నా కళ్ల ముందు మా బాపు చెయ్యే ఉంది. పసుపు రంగు కట్టుతో, దవాఖాన మంచం మీద ఉన్న చెయ్యి.

కాక పైన స్తంభాన్ని రెండు చేతులతో కరుచుకుని ఉన్నాడు. కదలడం లేదు. "కాకా!" అని అరిచాను. చాలాసేపటికి తల తిప్పాడు. నేను తగిలించిన రాడ్ ఇంకా తీగకే వేలాడుతోంది. దాని కొక్కెం నల్లగా మాడింది, కింద భూమిలో దిగిన చోట పొగ లేస్తోంది. వచ్చిన కరెంటు మొత్తం దానిలోంచే భూమిలోకి పోయింది. ఆపరేటర్‌కు ఫోన్ చేసి స్విచ్ ముట్టొద్దని చెప్పాను. తుప్పు పట్టిన పాత బోల్టు ఊడక అంతసేపూ పైనే ఉండిపోయిన కాకను మెల్లగా దింపాను. వేళ్లు లెక్కపెట్టాను. నవ్వకండి, నిజంగానే రెండు చేతులూ పట్టుకుని పదీ ఉన్నాయా అని చూశాను.

ఆయన నీళ్లు తాగి, రాడ్ వైపు చాలాసేపు చూశాడు. అప్పటికి జనం గేటు చుట్టూ తిరిగి వచ్చేశారు.

"బిడ్డ రాడ్ తియ్యలే" అన్నాడు వాళ్లతో. "దిగిండో లేదో అని ఎరికెతోటే ఉంచింది. వేరేటోడైతే నేను పోయేటోన్ని."

ఇరవై మందీ నా వైపు చూశారు. మగోడైతే అన్న మనిషి కూడా తల ఊపాడు. నేను అక్కడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. నిజం ఏమిటంటే నేను గోడ అవతలి పక్కను మొత్తంగా మరిచిపోయాను, మనిషినీ రాడ్‌నూ కలిపి. ఒక్క రాడ్ గుర్తొచ్చినా దాన్ని తీసుకోవడానికి పోయి మనిషిని చూసేదాన్ని. రెండూ గుర్తులేవు కాబట్టే ఆయన బతికాడు. ఇందులో నేను చేసిన మంచి పని ఏమీ లేదు.

సాయంత్రం ఆఫీసుకు రమ్మని మా సెక్షన్ ఇంజనీరు, ఏఈ సారు పిలిచాడు. మంచివాడే, నా మీద అభిమానం ఉన్నవాడు. తలుపు దగ్గరికి వేసి కూర్చోబెట్టాడు.

"చూడమ్మా, రిపోర్టు పైకి పోవాలె. నీ వివరణ సింపుల్‌గ రాయి. సదరు రైతు నాకు తెల్వకుండ పోల్ ఎక్కిండు, నేను సేఫ్టీ కోసం రాడ్ ఉంచిన, దాంతోని ప్రాణం దక్కింది. నీకు మెచ్చుకోలు కూడా రావొచ్చు."

ఆ వాక్యం వినగానే చెవుల్లో జోరీగ దూరినట్టయింది.

"నేనే ఎక్కుమన్న సార్" అన్నాను.

"ఎవరు విన్నరు? ఆ రైతును పిలిపించి మాట్లాడిన. నేనే చెప్పకుండ ఎక్కిన అని సంతకం పెడ్తనన్నడు. నీ నౌకరి ఇంకా పక్కా కాలేదు, యాదికుందా? వచ్చే నెల ఇంకో ఆడపిల్ల మన సెక్షన్‌కు వస్తున్నది. నువ్వు మరిచిపోయినవని కాగితం మీద పడితే ఏమంటరో నీకు తెల్వదా? రేపు పొద్దుగాల తెచ్చియ్యి."

తెలుసు. లేచి వచ్చేశాను. బస్ డిపో ముందు బండి ఆపి, రోడ్డు పక్కన ఊరికే నిలబడ్డాను. ఆ వచ్చే పిల్ల ఎవరో, ఎక్కడ ఏ స్తంభం మీద ఎక్కడం నేర్చుకుంటోందో. ఆమె కోసమైనా ఆ వాక్యం రాసేస్తే పోలేదా అనిపించింది. అబద్ధాన్ని త్యాగంలా కనబడేలా చేసుకోవడం ఎంత సులువో ఆ పది నిమిషాల్లో తెలిసింది.

ఇంటికి పోయేసరికి వాకిట్లో టమాటాల గంప ఉంది. కాక మంచంలో కూర్చుని బాపుకు ఆ కథే చెబుతున్నాడు. బాపు ముఖం వెలిగిపోతోంది. ఎన్నో ఏళ్లుగా ఆయన్ని అలా చూడలేదు.

"ఆనాడు ఆ లైన్‌మెన్ చెయ్యనిది ఇయ్యాల నీ బిడ్డ చేసిందన్నా" అన్నాడు కాక. "బిడ్డా, నీ నౌకరికి ఏం కావద్దు. నేనే తెల్వకుంట ఎక్కిన అని రాసిస్త. సార్‌కు చెప్పిన."

బాపు ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆయన నన్ను చూశాడు. కాక వెళ్లేదాకా అలాగే కూర్చున్నాడు.

కాక పోయాక నేను గంప పక్కన నేల మీద కూర్చున్నాను.

"బాపూ, నేను యాది మరిచిన."

ఆయన అడిగాడు. "రాడ్ గూడనా?"

"రాడ్ గూడ."

"మనుషులు ఎవ్వరు లేరని చెప్పినవా?"

"చెప్పిన."

ఆయన లేచి పశువుల దగ్గరికి పోయాడు. అన్నం తిన్నాడో లేదో అమ్మకూ తెలియదు. మర్నాడు పొద్దున నేను హెల్మెట్ పెట్టుకుని వాకిట్లో నిలబడితే ఆయన పట్టీ లాగలేదు. గడ్డం పైకెత్తి కాసేపు ఊరికే నిలబడ్డాను. బండి తీస్తుంటే మాత్రం వెనక నుంచి అడిగాడు.

"కాగితం మీద ఏం రాస్తవ్?"

"నీకు చెప్పిందే రాస్త."

ఆఫీసులో ఆ ఫొటో కిందే కూర్చుని రాశాను. రైతు నా అనుమతితోనే స్తంభం ఎక్కాడు. అతను పైన ఉన్న సంగతి, అవతల రాడ్ ఉన్న సంగతి మరిచిపోయి ఎల్‌సీ వాపసు చేశాను. సారు రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"నీ ఒక్కదాని సంగతి కాదమ్మా ఇది. ఆడోళ్లకు ఈ పని వద్దంటరు."

"మా బాపు వేళ్లు పోయిననాడు లైన్‌మెన్ మగాయన సార్" అన్నాను. "అప్పుడు మగోళ్లకు ఈ పని వద్దని ఎవరన్న అన్నరా?"

ఆయన కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. మెమో వచ్చింది. మూడు నెలలు స్తంభం ఎక్కొద్దన్నారు, ఆఫీసులో కూర్చుని కరెంటు పోయిందన్న ఫోన్లు ఎత్తాను. మెచ్చుకున్న ఊరే ఒంటికాలి మీద లేచింది. కొత్త పిల్ల మాత్రం అనుకున్న నెలకే వచ్చింది. మొదటి రోజే నా బండి మీద ఎక్కించుకుని ఆ గోడ దగ్గరికి తీసుకుపోయి అంతా చెప్పాను. ఆమె గోడ ఎక్కి అవతలికి చూసి దిగింది.

కాకకు నేను చెప్పింది మాత్రం కాగితం ఇచ్చిన ఆ వారమే, ఆదివారం. చర్చిలో ప్రార్థన అయి ఇంటికి రాగానే బాపు నా బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.

"పా" అన్నాడు. నేను బండి కాక పొలం వైపు తిప్పాను.

కాక మడిలో నీళ్లు మలుపుతున్నాడు. ఆఫీసు నుంచి కబురు అప్పటికే చేరినట్టుంది, మమ్మల్ని చూసి పార ఆపలేదు. నేను గట్టు మీద నిలబడి చెప్పాను.

"కాకా, నేను నిన్ను యాది మరిచిన. రాడ్ ఎరికెతోటి ఉంచలే. అది గూడ మరిచిన. ఎవరో నవ్విన్రని రోషమొచ్చి కరెంటియ్యమన్న."

పార కింద పడేశాడు.

"ఎక్కుమన్నది నువ్వు! తాడు కట్టుకో అన్నది నువ్వు! గడియ సేపట్ల నేను పైన ఉన్నది నీకు యాదిల లేకపాయెనా? నీ ఇంటికి టమాటలు మోసుకొస్తినే, నా నోటితోటి నిన్ను దేవతను చేస్తినే. ఎవని నవ్వుకో రోషమొచ్చి నా పానం తీస్తుంటివి గద!"

అంతా నిజమే. నేను తల ఎత్తలేదు. ఆయన గొంతు హఠాత్తుగా ఆగింది. మా బాపు అక్కడే ఉన్నాడని గుర్తొచ్చినట్టుంది. దోస్తు ముందు దోస్తు బిడ్డను తిట్టడానికి మొహమాటపడి, కండువాతో ముఖం తుడుచుకుని, "పోనీ తియ్యి బిడ్డా" అనబోయాడు.

బాపు రెండు వేళ్ల చెయ్యి ఆయన భుజం మీద వేశాడు.

"ఆపకు, తిట్టు" అన్నాడు. "నీకైతే తిట్టే మోకా దొరికింది."

కాక బాపు చెయ్యి వైపు చూశాడు. తర్వాత నన్ను మళ్లీ మొదటి నుంచి తిట్టాడు. బాపు గట్టు మీద కూర్చుని, ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు.